కట్ట మీద కొలువుదీరిన తల్లి

మొగిలి ఘాటు మలుపుల్లో బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే, కిటికీలోంచి ముందుగా నీ గాలి వస్తుంది. కింద చిత్తూరులో ఒళ్లంతా ఉడికించిన ఎండ ఆ చివరి మలుపు తిరిగీ తిరగకముందే ఎక్కడో జారిపోతుంది. ముంజేతి మీద చల్లగా ఒక చెయ్యి పడుతుంది. నీ గడపలో కాలు పెట్టానని అప్పుడు తెలుస్తుంది. పడమటి మిట్టతల్లీ! 2,000 అడుగులు దాటిన ఎత్తున పీట వేసుకుని కూర్చున్నదానా! చింతమాకుల చిక్కటి నీడను చీరగా చుట్టుకున్నదానా, కానుగపూల జల్లును తలంబ్రాలుగా పోసుకున్నదానా, గుండ్రాళ్ల గుట్టలను గుండెల మీద గుండ్లపేరుగా వేసుకున్నదానా! మదనపల్లె నీ నుదురు, పుంగనూరు నీ ఎద, మూడు సీమల మట్టి అంటిన కుప్పం నీ పాదం. ఏ వైపు నుంచి నీ దగ్గరికి వచ్చినా కొండెక్కే రావాలి. మొక్కు తీర్చుకునేవాడు మెట్లెక్కి వచ్చినట్టు రావాలి.

నీకు ఏరు లేదమ్మా. ఏళ్లకు నువ్వు పురిటిల్లువే గాని కాపురపు ఇల్లువు కావు. నీ నుదుటి మీద రాలిన చినుకు బాహుదాలో కలిసి, చెయ్యేరై, పెన్నమ్మ ఒడికి పోతుంది. నీ పాదం మీద రాలిన చినుకు పాలారు చెయ్యి పట్టుకుని అరవదేశం దిగిపోతుంది. పలమనేరు అడవుల్లో తడిసిన ఆకు అంచు నుంచి జారిన బొట్టు కౌండిన్యలో పడి గుడియాత్తం దారి పడుతుంది. నీ వాన ఏనాడూ నీది కాలేదు. పుట్టిన మరునిమిషమే పరాయి ఊరికి పయనమయ్యే ఆడబిడ్డ అది. పోయే బిడ్డను నాలుగునాళ్లు పుట్టింట నిలుపుకోవాలని ఏ తల్లికి ఉండదు? అందుకే నీ పెద్దలు వంకకు అడ్డంగా మట్టి పోశారు. గంప మీద గంప, తట్ట మీద తట్ట, తరం మీద తరం. గుట్టకూ గుట్టకూ మధ్య కొంగు కట్టినట్టు కట్ట కట్టారు. కట్ట కింద తూము పెట్టారు, కట్ట చివర మొరవ పెట్టారు, కట్ట మీద గంగమ్మను నిలిపారు. పై చెరువు మొరవ పోతే కింది చెరువుకు పండగ. కింది చెరువు మొరవ పోతే దాని కింది కుంటకు పండగ. పల్లె నుంచి పల్లెకు, చెరువు నుంచి చెరువుకు నీ నీళ్లు వాయనం పంచుకుంటూ దిగే ముత్తయిదువల వరసలాగా నడుస్తాయి.

నీ చరిత్ర ఏమిటని ఎవరైనా అడిగితే చదువుకున్నవాళ్లు ఏలినవాళ్ల పేర్లు చెబుతారు. నాకు మాత్రం తూముకాడ నిలబడ్డ నీరుగంటి గుర్తొస్తాడు. భుజాన పార, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, రాత్రయితే చేతిలో లాంతరు. ఏ కయ్యకు ఎన్ని గడియల నీళ్లో, ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అతనికి కంఠతా. చుక్కల్ని చూసి వేళ చెప్పేవాడు, నీళ్ల చప్పుడు విని గండి ఎక్కడ పడిందో చెప్పేవాడు. పెద్దింటి మడికి ఒక గడియ ఎక్కువ, పేదింటి మడికి ఒక గడియ తక్కువ అయితే ఊరంతా అతన్ని నిలదీసేది. అందుకే అతను ఎవరి మనిషీ కాకూడదు, చెరువు మనిషి కావాలి. పంట కళ్లానికి వచ్చినప్పుడు ప్రతి రాశి నుంచీ అతనికి మేర కొలిచేవాళ్లు. మదనపల్లెలో ఇప్పటికీ నీరుగట్టువారిపల్లె ఉంది. పట్టు మగ్గాల పలకల చప్పుడుతో పగలంతా మోగుతూ ఉంటుంది. ఆ పేరు పలికినప్పుడల్లా నాకు మగ్గం చప్పుడు వెనక నీళ్ల గలగల వినిపిస్తుంది. నీళ్లు కట్టినవాళ్ల పేరు మీద దారం కట్టేవాళ్లు బతుకుతున్నారు. చీర అంచులో జరీ ఎంత సన్నగా పారుతుందో, మడి గట్టున కాలువ అంత సన్నగా పారుతుంది.

మా జేజి అనేది: “చెరువు నిండిన ఏడు కొట్లాట ల్యాదు నాయినా, ఎండిన ఏడూ కొట్లాట ల్యాదు. సగం నిండిన ఏడే మనుసులు యాంటోళ్లో తెలిసేది.” ఆ సగం నిండిన ఏళ్లే నీ బతుకులో ఎక్కువ తల్లీ. ఆ ఏళ్లలోనే నీ గొప్పతనమంతా ఉంది. నీళ్లు ఆయకట్టు మొత్తానికి చాలవని తేలిన ఏడు ఊరు కట్ట మీద కూడేది. చెరువును చూసేవాళ్లు, ఆకాశాన్ని చూసేవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఆపైన కట్ట కిందుగా ఉన్న కొన్ని మడులనే తీసుకుని, ఎవరి భూమి ఎంతో ఆ దామాషాలో అందరికీ ముక్కలుగా పంచేవాళ్లు. ఆ ఏటికి నా మడిలో నీ నాట్లు, నీ మడిలో ఇంకొకరి నాట్లు. గట్లు చెరిగిపోయేవి, పట్టాలు పక్కకు జరిగేవి. చివరి కయ్యవాడు ఎండిపోకూడదని మొదటి కయ్యవాడు తన నేలను ఒక పంటకాలం ఊరికి అప్పిచ్చేవాడు. ఏ రాజు శాసనం చెక్కించాడని ఈ పని జరిగింది? ఏ సభ తీర్మానం చేసిందని? సగం నిండిన చెరువును ఎదురుగా పెట్టుకుని, కడుపులో ఆకలిని పెట్టుకుని, అందరూ బతికే దారి ఇదొక్కటేనని నీ బిడ్డలు తెలుసుకున్నారు. లోకంలో ఎన్నో పెద్ద నగరాల పెద్ద సభల గురించి చదివాను. ఈ ముక్కల మడుల ముందు నా తల వంగినంతగా మరెక్కడా వంగలేదు.

చెరువు తవ్వినవాడికి, తెగిన కట్టను మళ్లీ నిలబెట్టినవాడికి ఆ చెరువు కిందనే దశబంధ మాన్యం ఇచ్చేవాళ్లు. భూమి తినాలంటే చెరువును బతికించాలి, చెరువు చస్తే మాన్యం చస్తుంది. కానుకనూ కర్తవ్యాన్నీ ఒకే ముడిలో వేశారు! ఎండాకాలం పూడిక తీసే రోజుల్లో ఇంటికొక మనిషి కదిలేవాడు. తీసిన ఒండ్రు మట్టి బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. చెరువు కడుపు ఖాళీ అయ్యేది, చేని కడుపు నిండేది. పార తగిలిన చోటల్లా తడి మట్టి వాసన లేచేది. ఆ వాసన తగిలితే ముసలి కళ్లు కూడా మెరిసేవి.

నీ పొలిమేరల్లో వీరగల్లులు నిలబడి ఉన్నాయి. మదనపల్లె పక్కన చిప్పిలి ఒకనాడు వైదుంబ రాజుల ఊరు. వెయ్యేళ్లకు పైబడిన తెలుగు అక్షరాలు ఆ సీమ రాళ్ల మీద గూళ్లలోని గువ్వల్లా ఒదిగి ఉన్నాయి. కత్తి ఎత్తిన మనిషి, పక్కన గుర్రం, పైన అతన్ని ఎత్తుకుపోతున్న దేవకన్యలు. ఊరి ఆవుల్ని మళ్లించుకుపోయే దొంగల వెంట పడి కొందరు, ఊరిని కాచే యుద్ధంలో కొందరు నేలకొరిగారు. చచ్చిపోయినవాడికి ఊరు ఇచ్చిన జీతం ఒక రాయి. ఆ రాయికే ఇప్పుడు పసుపు పూస్తున్నారు, కుంకుమ పెడుతున్నారు, పేరు మరిచిపోయి దేవుడని మొక్కుతున్నారు. మేకల పిల్లోడు ఆ రాతికి వీపు ఆనించి సద్ది విప్పుకుంటాడు. రాగిముద్ద, ఊరిబిండి, పచ్చి ఎర్రగడ్డ. వెయ్యేళ్ల వీరుడి నీడలో ఒక పిల్లోడు కడుపు నింపుకుంటున్నాడు. కాపలా ఇంకా సాగుతూనే ఉంది తల్లీ!

ఏలినవాళ్లు వచ్చారు, పోయారు. విజయనగరం వెలిగి ఆరింది. పాళెగాళ్లు గుట్ట గుట్టకూ కోట కట్టుకున్నారు. పుంగనూరులో చిక్కరాయల వంశం జమీ ఏలింది. కుప్పం చెంత కంగుంది కొండ మీద మరో జమీ జెండా ఎగిరింది. హైదరాలి గుర్రాలు నీ దుమ్మును ఆకాశానికి లేపాయి, కుంఫిణీ దొరలు ఆ దుమ్మును లెక్కల్లో రాసుకున్నారు. నువ్వు కొంతకాలం కడపదానివి, కొంతకాలం ఉత్తర ఆర్కాటుదానివి. 1911 ఏప్రిల్ 1న ముక్కలన్నీ కుట్టి చిత్తూరు జిల్లా అన్నారు. 1948 చట్టంతో జమీందారీలు కరిగాయి. 2022లో మళ్లీ గీతలు మార్చి మదనపల్లెను అన్నమయ్య జిల్లాలో కలిపారు. పటం మీద గీతలు గీసిన చేతులు ఎన్నో. గీత మారిన ప్రతిసారీ నీ చెరువు ఆ గీతకు రెండువైపులా అదే నీళ్లు పారించింది. రాజధాని ఎటుందో నీ కొంగలకు తెలియదు, నీ కప్పలకు తెలియదు. కట్ట మీద కూర్చున్న గంగమ్మకు తెలిసినా ఆమె ఏనాడూ ముఖం అటు తిప్పలేదు.

నిన్ను నిజంగా ఏలినవాళ్లు ఊరి లోపలే ఉన్నారు. రావిమాను కింద కట్ట, కట్ట మీద రెడ్డి, పక్కన తాటాకు కవిలెతో కరణం, కర్ర ఆనించి తలారి. కమ్మరి కొలిమి ఊదేవాడు, వడ్రంగి కాడి చెక్కేవాడు, కుమ్మరి సారె తిప్పేవాడు. చాకలి, మంగలి, పూజారి, నీరుగంటి. ఆయగాండ్రు పన్నెండుగురు అనేవాళ్లు. సంవత్సరమంతా నాగలి విరిగితే బాగుచేసినవాడికి, బిడ్డ పుడితే వచ్చినవాడికి, పీనుగు లేస్తే ముందు నడిచినవాడికి, కళ్లంలో ఒకేసారి చేట నిండా గింజలు. ఊరు ఒక వీణలాంటిది. ఏ తీగ తెగినా రాగం ఆగిపోతుంది. 

కాని తల్లీ, నిన్ను పొగిడే నోటితోనే ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే నా మొక్కు అబద్ధమవుతుంది. ఆ కట్ట ఎక్కలేనివాళ్లు నీ ఒడిలోనే ఉన్నారు. వెట్టివాడు రచ్చబండకు ఎడంగా, చెప్పులు చేతబట్టుకుని, ఎండలో నిలబడ్డాడు. చెరువు తవ్వినప్పుడు అతని గంపే ముందు నిండింది, నీళ్లు పారినప్పుడు అతని దోసిలే చివర తడిసింది. ఊరి చాటింపు వేసిన డప్పు అతనిది, ఊరి నిర్ణయంలో గొంతు అతనిది కాదు. ఆడవాళ్లు నీళ్ల బిందెలతో ఆ కట్ట పక్కగా తల వంచుకుని నడిచిపోయారు. తీర్పు చెప్పేవాళ్లంతా తాగింది వాళ్లు మోసిన నీళ్లే. నీ అందాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ ఎండలో నిలబడ్డ కాళ్లు నాకు కనిపిస్తాయి. నిన్ను ప్రేమించడమంటే ఆ కాళ్లను కూడా కళ్లకద్దుకోవడమే అనుకుంటాను.

పగటి కొలువు సంగతి అది. రాత్రి కొలువు వేరు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర రాత్రి నిన్ను చూడాలి! జమీందారుల నగరు తలుపులు ఊరికి బార్లా తెరుచుకుంటాయి. ఒకనాడు కప్పం కట్టడానికి వంగి నడిచిన ముంగిట్లో, ఆ రాత్రి జనం తోసుకుంటూ, అరుచుకుంటూ, వేపమండలు ఊపుకుంటూ తల్లి ముందు నిలబడతారు. పలకల మోతకు పాత గోడలు అదురుతాయి. అమ్మ కళ్లు దివిటీల వెలుగులో ఎర్రగా, నల్లగా, మళ్లీ ఎర్రగా. ఆ రాత్రి పుంగనూరును ఏలేది ఆమె ఒక్కతే. చౌడేపల్లె దారిలో బోయకొండ మీద గంగమ్మ ఉంది. నవాబు సైన్యం మీద తిరగబడిన బోయ, ఏలిక తెగల పక్షాన కత్తి పట్టిన తల్లి అని జనం చెప్పుకుంటారు. కుప్పంలో తిరుపతి గంగమ్మ ఉంది. ఎన్ని గంగమ్మలో నీకు! నీళ్లు కరువైన సీమ తన తల్లులందరికీ నీళ్ల పేరే పెట్టుకుంది. బిడ్డ లేని ఇంట్లో ఉయ్యాల కట్టి మొక్కినట్టు, నువ్వు ఏ గుట్ట ఎక్కినా గంగమ్మా అనే పిలిచావు.

ఇక భారతం. చిత్తూరు సీమ పల్లెల్లో ధర్మరాజు గుడి ముందు భారతం మిట్ట ఎండాకాలంలో మేలుకుంటుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది దినాలు. ఇంటికింత అని ఊరు పోగుచేస్తుంది, దీపానికి ఒకరు, దివిటీకి ఒకరు, భాగవతుల సంగటికి ఒకరు. అర్జునుడు తపస్మాను ఎక్కుతుంటే కింద పిల్లలు లేని తల్లులు తడి చీరలతో సాగిలపడి ఉంటారు. మానెత్తు నుంచి అతను విసిరే నిమ్మకాయ, విభూతి పొట్లం ఎవరి ఒడిలో పడుతుందో అని ఊరంతా ఊపిరి బిగబడుతుంది. చివరినాడు మట్టితో ఊరంత దుర్యోధనుణ్ని పడుకోబెట్టి, భీముడు తొడ విరుస్తాడు. ద్రౌపది జుట్టు ముడుచుకుంటుంది. సాయంత్రం నిప్పుల గుండం. అన్యాయం చేసినవాడు ఎంత పెద్ద ఒడ్డూపొడుగుతో ఉన్నా ఊరి నడుమ మట్టిలో పడి ఉండక తప్పదని ప్రతి ఏడూ నీ పిల్లలు కళ్లారా చూస్తారు. చట్టం చదవని పల్లెకు న్యాయం చెప్పిన బడి అదేనమ్మా. ఆ బడిలో ఆడది కురుసభలో వేసిన ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఎవరూ ఇంటికి పోరు.

జమీందారీల కాలం పోయాక చట్టాలు నీ మీదుగా రుతువుల్లా నడిచాయి. మద్రాసు నుంచి ఒకటి, కర్నూలు నుంచి ఒకటి, హైదరాబాదు నుంచి కొన్ని, అమరావతి నుంచి కొన్ని. 1959లో పంచాయతీ రాజ్ వచ్చింది, సమితులు వెలిశాయి, ఊరికి తెల్లసున్నం కొట్టిన ఒక గది దక్కింది. 1984లో తరాల నాటి కరణం కవిలె మూతబడింది, మునసబు కర్ర మూలకు చేరింది. ఆ మరుసటేడు తాలూకా పోయి మండలం వచ్చింది, కచేరీ నీకు మరింత దగ్గరికి జరిగింది. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలైంది. అయిదేళ్లకొకసారి ఎన్నిక, ఊరందరికీ గ్రామసభ, 29 అంశాలు పంచాయతీల చేతికి ఇవ్వవచ్చునన్న పదకొండో షెడ్యూలు. ఆ 29 అంశాల పట్టికను ఒకసారి పాటలాగా చదివి చూడండి: సేద్యం, చిన్ననీటి పారుదల, పశువులు, చేపలు, చెట్లు, తాగునీరు, దారులు, బడి, సంత, ఆరోగ్యం. నాకది చట్టంలా అనిపించదు. పెళ్లయి వచ్చిన కోడలికి అత్త తాళంచెవుల గుత్తి అందిస్తున్నట్టుగా ఉంటుంది. అన్ని తాళంచెవులూ ఇంకా చేతికి రాలేదన్నది నిజం. కాని గుత్తి ఎవరిదో రాతపూర్వకంగా తేలిపోయింది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన రుతువు ఒకటుంది. కుర్చీ వచ్చిన రుతువు. మొదట మూడో వంతు, ఆపైన సగం కుర్చీలు ఆడవాళ్లవి అన్నారు. ఎండలో ఎడంగా నిలబడ్డవాళ్ల మనవళ్లకు, మనవరాళ్లకు కుర్చీలు కేటాయించారు. తొలిరోజుల్లో కుర్చీలో ఒకరు కూర్చుంటే పక్కన ఇంకొకరు మాట్లాడేవాళ్లు, నువ్వది చూశావు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. కాని తల్లీ, కుర్చీకి ఒక గుణం ఉంది. కూర్చోగా కూర్చోగా అది కూర్చున్నవాళ్లదే అవుతుంది. ఇప్పుడు చూడు. పొద్దున్నే పైటకొంగు నడుముకు దోపుకుని, ట్యాంకు నీళ్లు ఏ వీధికి రాలేదో అడుగుతూ తిరిగే సర్పంచమ్మను చూడు. “అమ్మణ్ణీ, మా ఈదిలో లైటు వెలగల్యా” అని గడపలోంచి ఒక అవ్వ కేకేస్తుంది. “రేపటికంతా ఏయిస్తాను పోవ్వా” అని ఆమె నడుస్తూనే బదులిస్తుంది. కాలిన మోటారు గురించి ఫోను, కొట్టుకుపోయిన కల్వర్టు గురించి అర్జీ, బడి ప్రహరీ గురించి వాదన. బిందె మోస్తూ తల వంచుకుని నడిచిన అదే దారిలో ఇప్పుడు ఆమె తలెత్తి నడుస్తోంది. నీళ్ల కష్టం తెలిసినవాళ్ల చేతికే నీళ్ల తాళంచెవి అందింది. ఈ దృశ్యం కోసం నువ్వు ఎన్ని వందల ఏళ్లు ఆగావో!

2024 ఆగస్టు 23న ఆంధ్రదేశంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. అంత పెద్ద సంఖ్యను నేను మనసులో పట్టలేను. నీ పల్లె ఒక్కదాన్నే పట్టగలను. రావిమాను కింద షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరుసలో ముసలివాళ్లు, వెనక గోడకు ఆనుకుని కుర్రవాళ్లు, ఉపాధి హామీ పని నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ల పాదాలకు ఎర్రమట్టి. పైన రావాకులు అన్నీ ఒకేసారి గలగలమంటాయి. ఊరంతా ఒకేసారి చేతులెత్తినట్టు ఉంటుంది ఆ చప్పుడు.

నీ చల్లదనం తెలిసి వచ్చిన పెద్దలు ఎందరో. కడప కలెక్టరు హార్స్‌లీ నీ ఏనుగుమల్లమ్మ కొండకు మనసిచ్చి బంగళా కట్టుకున్నాడు, కొండ అతని పేరు మోస్తోంది. ఏనుగులు సాకిన మల్లమ్మ పేరు మాత్రం జనం నాలుక మీద ఉంది. 1895లో జిడ్డు కృష్ణమూర్తికి మదనపల్లె పురుడు పోసింది. అనీబిసెంటు 1915లో కళాశాల పెట్టింది. రవీంద్రుడు 1919లో ఆ కళాశాలలో బసచేసి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చి, మార్గరెట్ కజిన్స్‌తో కలిసి బాణీని స్వరాల్లో నిలిపాడు. క్షయ పట్టిన ఊపిరితిత్తులు ఆరోగ్యవరం గాలితో కుదుటపడ్డాయి. వాళ్లందరికీ నువ్వు ఇచ్చింది గాలి, మౌనం, ఒక నీడ. వాళ్ల పేర్లు పలకల మీద ఉన్నాయి, ఉండాలి. తూముకాడ రాత్రంతా మేలుకున్నవాడి పేరు ఏ పలక మీదా లేదు. అందుకని నా పాట అతని వైపు వంగుతుంది.

నీ ఆవు కూడా నీలాంటిదే. పుంగనూరు పొట్టి ఆవు. నిండా రెండుమూడు అడుగుల ఎత్తు, నడుము దాకా రాదు, పిల్లోడి చెయ్యి దాని మూపురం మీద సులువుగా పడుతుంది. తెల్లటి ఒళ్లు, చిన్న కొమ్ములు, పెద్ద కళ్లు. కొంచెం మేత తింటుంది, కొంచెం నీళ్లు తాగుతుంది, వెన్నతో చిక్కబడ్డ పాలు ఇస్తుంది. పెద్ద ఆవులు ఎండిన బీట చూసి బెదిరే చోట ఇది గుట్ట ఎక్కి గడ్డిపరక వెతుక్కుంటుంది. కరువు చెక్కిన శిల్పం అది! దాదాపు కనుమరుగవుతుంటే పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాచి కాపాడారు. కొంచెంతో బతికి నిండుగా ఇవ్వడం నీ నేలలో గడ్డికి తెలుసు, ఆవుకు తెలుసు, సగం చెరువును పంచుకున్న మనిషికి తెలుసు.

మరి ఆ చెరువులు? కొన్ని పూడిపోయాయి తల్లీ, కొన్నిటి కడుపులో ముళ్లచెట్లు మొలిచాయి. కపిల బావి గిలక చప్పుడు ఆగిపోయింది. బోరుబండి గర్జన వచ్చింది. అయిదువందల అడుగులు, ఎనిమిదివందలు, వెయ్యి. రాతి లోపల రాయి, దుమ్ము లోపల దుమ్ము. చెరువు నీళ్లకు కట్ట మీద కూడి మాట్లాడుకున్నారు, బోరు నీళ్లకు ఎవరికి వాళ్లు అప్పు చేసుకున్నారు. భూమి లోపలి నీటికి తూము లేదు, నీరుగంటి లేడు, వంతు లేదు. అయినా ఆ లోతు నుంచి లాగిన చుక్కచుక్కతోనే నువ్వు టమోటా తోటలకు ఎర్రటి దీపాలు వేలాడదీశావు. తెల్లారకముందే మదనపల్లె మార్కెట్టులో క్రేట్లు గోడలుగా లేస్తాయి. ఒక ఏడు కిలో రూపాయి కూడా పలకక రోడ్డు పక్కన పారబోసిన కాయలను, ఇంకో ఏడు బంగారంలాగా తూచి కొన్న కాయలను అదే చేత్తో కోశావు. మల్బరీ ఆకు కోసి పురుగుకు పెట్టి, పురుగు నోటి నుంచి దారం తీసి, దారంతో మగ్గం నడిపావు. నీళ్లు తక్కువైన నేలను పట్టు చేసి చూపించావు.

నీ పాదం దగ్గరికి వచ్చాను. కుప్పం. ఇక్కడ రచ్చబండ మీద మాట తెలుగులో మొదలై, తమిళంలో మలుపు తిరిగి, కన్నడంలో నవ్వుతుంది. సంతలో బేరం మూడు భాషల్లో సాగి, చిల్లర ఒకే భాషలో లెక్కపడుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ వెలిసిందంటే వింత లేదు. ఆ విశ్వవిద్యాలయానికి పునాది సంతలో ఎప్పుడో పడింది. నిన్నమొన్నటిదాకా పంచాయతీగా ఉన్న ఊరు పురపాలికై, 2021లో తొలిసారి కౌన్సిలుకు ఓటు వేసింది. రామకుప్పం, శాంతిపురం, గుడుపల్లె మాత్రం పల్లెలుగానే నీ పాదాల చుట్టూ మువ్వల్లా ఉన్నాయి. కౌండిన్య అడవి అంచున రాత్రిళ్లు మంచె మీద మనుషులు మేలుకుంటారు. చెరకు వాసన పట్టి, పండిన మామిడి వాసన పట్టి ఏనుగులు దిగుతాయి. డప్పులు, టపాకాయలు, కేకలు, టార్చిలైట్లు. తెల్లారితే తొక్కిన వరిమడి గట్టున ఒక రైతు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. అయినా ఏనుగును అతను సామీ అనే పిలుస్తాడు. కోపంలో కూడా ఆ గౌరవం జారదు.

2025 ఆగస్టులో ఇంకొక అతిథి వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీనీవా కాలువ పట్టుకుని, మెట్టు మెట్టుకూ మోటార్లు ఎత్తిపోస్తే, కొండలెక్కి, జిల్లాలు దాటి కృష్ణమ్మ కుప్పం చేరింది. నీ వాన ఎప్పుడూ నిన్ను విడిచి కిందికే పోయింది. ఈసారి ఒక నది కింది నుంచి నిన్ను వెతుక్కుంటూ పైకి వచ్చింది! అత్తవారింటికి పోయిన ఆడబిడ్డ చీరసారెతో మళ్లీ పుట్టింటి గడప తొక్కినట్టు వచ్చింది. కాలువ గట్టున నిలబడి ముసలమ్మలు ఆ నీళ్లను వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నారు. పసుపు చల్లారు, టెంకాయ కొట్టారు, గంగమ్మకు కృష్ణమ్మను చూపించారు.

ఈ నీళ్లకూ వంతు కావాలి తల్లీ. ఈ కాలువకూ ఒక మొదటి కయ్య ఉంటుంది, ఒక చివరి కయ్య ఉంటుంది. ఈ చెరువూ ఏదో ఒక ఏడు సగమే నిండుతుంది. ఆ రోజు నీ బిడ్డలు మళ్లీ కట్ట మీద కూడాలి, ఈసారి అందరూ ఎక్కగలిగే కట్ట మీద.

ఇప్పుడు చీకటి పడింది. కట్ట మీద గంగమ్మ గుళ్లో ఒత్తి వెలుగుతోంది. నీళ్లు నల్లగా, నిండుగా, ఇంకా కొంచెం కొంచెంగా లేస్తూ ఉన్నాయి. వానకు తడిసిన తుంగ వాసన. ఎక్కడో ఒక నీటికోడి కూసి ఊరుకుంది. చేతిలో సెల్లు లైటుతో ఒక మనిషి కట్ట వాలు దిగి తూము దగ్గరికి నడుస్తున్నాడు. కట్ట మీద మెల్లగా జనం చేరుతున్నారు. చంకన పిల్లతో ఒకామె, కర్ర పట్టుకుని ఒక తాత, సైకిలు ఆపిన కుర్రాడు. అందరి కళ్లూ కిందికే.

“యాడిదాకా వచ్చిందప్పా నీళ్లు?”

కింద లైటు ఒకసారి అటూ ఇటూ ఊగింది. నీళ్ల మీద వెలుగు పొడుగ్గా సాగింది.

“రెండో మెట్టు మునిగిందమ్మణ్ణీ. మూడోదాన్ని తాకతాంది.”